దిగుడుబావి గొంతు

మంద్రమా! ఓ మంద్రమా!

ఊరు సద్దుమణిగాక, వీధికుక్క సైతం మూలుగు మాని మూతి కాళ్ళ మధ్య దాచుకున్నాక, ఆఖరి లారీ మలుపు తిరిగి దాని ఎర్రదీపం చీకట్లో కరిగిపోయాక, నా చెవుల్లోకి నువ్వొచ్చి దీపం పెడతావు. వెలుగునిచ్చే దీపం కాదది. చీకటిని మరికాస్త చిక్కగా, మరికాస్త చక్కగా చూపించే దీపం. గర్భగుడిలో మూలవిరాట్టు ముఖాన మినుకుమనే ఆముదపు వత్తి లాంటిది; చూపించేదానికంటే దాచేదే ఎక్కువ, దాచినదాని మీదే మన మనసంతా.

అందరూ ఎక్కుతారు. రాక్ సంగీతం నిచ్చెనలెక్కింది, మెటల్ సంగీతం మేడలెక్కింది. గాయకులు గొంతెత్తి, గొంతు చించి, గగనాన్ని గోళ్ళతో గీరి, అందిన చుక్కనల్లా తెంపుకొచ్చారు. నువ్వొక్కదానివే దిగుతావు. మెల్లగా, మెట్టు మెట్టుగా, మునివేళ్ళతో తడుముకుంటూ దిగుతావు. అవతారమంటే దిగిరావడమేనని మన భాషకు ఏనాడో తెలుసు. కొండ మీది దేవుడికి దణ్ణం పెడతాం. కొండ దిగి మన వీధిలోకి, మన వాకిట్లోకి, మన పడకపక్కకి వచ్చినవాడితో మొర పెట్టుకుంటాం. నేను నీతో ఇన్నేళ్ళుగా పెట్టుకుంటున్నది ఆ మొరే.

దిగుడుబావిలా ఉంటావు నువ్వు. మొదటి మెట్టు ఎండకు కాలుతుంది. పదో మెట్టు దగ్గర నీడ భుజాన చెయ్యి వేస్తుంది. ఇరవయ్యో మెట్టు దగ్గర చల్లదనం చీలమండలు పట్టుకుంటుంది. ఆపైన నాచు వాసన, రాతి సందుల్లో పావురాల రెక్కల టపటప, ఎక్కణ్ణుంచో జారి ఎక్కడో పడే ఒంటి నీటిబొట్టు. పైన ఎవరో పిలుస్తున్నా వినిపించదు. ఇంకా కిందికి, ఇంకా లోపలికి, నల్లగా నిశ్చలంగా నిలిచిన నీళ్ళ అంచు దాకా వెళితే అక్కడ ఉంటుంది నీ గొంతు. ఎదురుచూసినట్టు ఉంటుంది. ఆలస్యమైందేమని అడగదు.

నువ్వు నాకు మొదటిసారి ఎదురైన రాత్రి నిన్ను గుర్తుపట్టలేదు. తప్పు నాదే. హాస్టల్ గది, పక్క మంచం మీద గురకపెట్టే మిత్రుడు, వాడే ఎవరి దగ్గరో కాపీ చేయించి తెచ్చిన క్యాసెట్టు. మీద పేరు లేదు, ఊరు లేదు. ప్లే నొక్కాను. గిటార్లు బురదలో దిగబడ్డ బండి చక్రాల్లా కదిలాయి. ఆ వెనక ఓ మగగొంతు, మనిషిది కాదేమో అనిపించేంత కిందినుంచి, నిద్రలోంచి లేచినట్టు, నేలలోంచి లేచినట్టు లేచింది. వెంటనే నాకు తోచింది ఒక్కటే: బ్యాటరీలు అయిపోయాయి! క్యాసెట్ల కాలంలో పెరిగినవాళ్ళకు తెలుసు ఆ బాధ. బ్యాటరీ నీరసిస్తే పాట నీరసిస్తుంది, సుశీలమ్మ గొంతు కూడా సాగి సాగి ఘటోత్కచుడి గొంతవుతుంది. బ్యాటరీలు తీశాను, అరచేతుల మధ్య రుద్దాను, మనవాళ్ళ ఆనవాయితీ ప్రకారం పంటితో కొరికాను, మళ్ళీ వేశాను. అదే లోతు. మర్నాడు కొత్తవి కొని వేశాను. అదే లోతు, అదే తాపీ. అప్పుడు కూర్చున్నాను. అప్పుడు విన్నాను. బాగు చేయాల్సింది యంత్రాన్ని కాదని ఆ పూట తెలిసింది.

*

లెక్కలు కూడా నీ ముందు భజన చేస్తాయి మంద్రమా! గిటార్ మీద అన్నిటికన్నా లావు తీగను మామూలు శ్రుతిలో వదిలేసి మీటితే సెకనుకు 82 సార్లు అదురుతుంది. బేస్ గిటార్ లావు తీగ ఇంకో స్థాయి కిందికి దిగి, సెకనుకు 41 సార్లే అదురుతుంది. లోతైన మగగొంతు దిగీ దిగీ ఆ గిటార్ తీగ పక్కన వచ్చి కూర్చుంటుంది. 82 అదురులంటే గాలిలో ఒక్కో అల పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది. ఆ అలను కన్నదేమిటంటే, కంఠంలో అంగుళానికి మించని రెండు మెత్తటి మడతలు. అంగుళం లేని తల్లికి నాలుగు మీటర్ల బిడ్డ! యశోద నోరు తెరిపించి చూసిన వింతకు ఇది ఏం తీసిపోయింది?

అంత పొడవైన అల గోడను చూసి ఆగదు. మూల వస్తే వంగుతుంది, స్తంభం వస్తే చుట్టేస్తుంది, తలుపు మూస్తే తలుపునే తనతో పాటు వణికిస్తుంది. పక్కింటివాళ్ళకు పాట వినిపించదు, మాట వినిపించదు, తాళాలూ తళుకులూ వినిపించవు, నువ్వు వినిపిస్తావు. తల్లి కడుపులో ఉన్న శిశువుకు కూడా లోకపు కీచు శబ్దాలు దారిలోనే అరిగిపోగా, మంద్రధ్వనులే చేరతాయట. అంటే నిన్ను నేను హాస్టల్ గదిలో కలుసుకున్నానని చెప్పడం కూడా అబద్ధమే. మన పరిచయం అంతకంటే పాతది.

13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు మూడు స్థాయులకూ మూడు ఇళ్ళు చూపించాడు. తారస్థాయి తలలో, మధ్యస్థాయి కంఠంలో, మంద్రస్థాయి హృదయంలో. మెటల్ కచేరీలో స్పీకర్ల ఎదుట ఒక్కసారి నిలబడ్డవాడికి ఈ శాస్త్రం విప్పి చెప్పనక్కర్లేదు. చెవికంటే ముందు వాడి ఛాతీ వింటుంది, పక్కటెముకలు తంబుర తీగలవుతాయి. మృదంగం ఎడమ మూతికి తడిపిన రవ్వ ముద్ద అంటించేది నీకోసమే కదా. ఆ ముద్ద బరువుకు చర్మం వేగం తగ్గి, వెంటనే లోపలెక్కడో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. బరువు వేస్తేనే నువ్వు పలుకుతావు.

*

ఈ భారలోహ సంగీతంలోకి నువ్వు వచ్చిన దారి కూడా గాయం గుండానే. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ ఇనుప ఊళ్ళో, టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల కర్మాగారంలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు వెతుక్కున్నాడు, వాటి బిగువూ తగ్గించాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ రికార్డుకు వచ్చేసరికి అతని బృందం బ్లాక్ శాబత్ శ్రుతి మూడు అరస్వరాలు కిందికి జారింది. తెగిన వేలు తీగను సడలించింది. సడలిన తీగ లోకాన్ని లోతు చేసింది.

తీగలు దిగాయి. గొంతులు దిగలేదు. అంత బరువైన ఆ గిటార్ల మీద కూడా బ్లాక్ శాబత్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ గొంతు గాలిపటంలా పైపైనే ఎగిరింది. ఆ కాలపు గాయకులు ఇయాన్ గిలన్, రాబ్ హాల్‌ఫర్డ్, వీళ్ళంతా పిడుగును వెనక్కి మేఘం దాకా తరిమినవాళ్ళు. వాళ్ళను తక్కువ చేసే పాపం నాకొద్దు; గిలన్ కేక వింటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. జలదరింత వేరు, మంద్రమా, నెమ్మది వేరు. నాకు కావలసింది రెండోది.

తారమంటే పై స్థాయి. తారంటే చుక్క కూడా. అందుకేనేమో, నువ్వు నడిచివచ్చిన తొలి గొప్ప పాట పేరు ‘స్టార్‌లెస్’. చుక్కలు లేనిది! 1974, కింగ్ క్రిమ్సన్, ‘రెడ్’ అనే రికార్డు చివర పన్నెండు నిమిషాలకు పైగా సాగే అస్తమయం. జాన్ వెటన్ పాడాడు. మెలోట్రాన్ అనే ఆ వింత పెట్టె, టేపుల మీద ఎవరో ఎప్పుడో వాయించిన వయొలిన్లను వెనక్కి పిలిచే పెట్టె, పొగమంచులా కమ్ముకుంటుంటే, దాని మధ్యలోంచి వెటన్ గొంతు కంబళి కప్పుకున్న బాటసారిలా వస్తుంది. కొంచెం బొంగురు, కొంచెం బూడిద, చాలా మర్యాద. ఏడవదు. ఏడ్చి వచ్చినట్టు ఉంటుంది. నాలుగు నిమిషాలు గడిచేసరికి గొంతు వెళ్ళిపోతుంది. ఇక రాదు. బేస్ తీగ ఒకే అడుగు పదే పదే వేస్తూ చీకటిని కొలుస్తుంది, రాబర్ట్ ఫ్రిప్ గిటార్ ఒక స్వరాన్నే పట్టుకుని, నొక్కి నొక్కి, పొద్దు పొడుపు కోసం గోడకు చెవి ఆనించినవాడిలా అంగుళం అంగుళం పైకి జరుగుతుంది. మనం ఎదురుచూస్తాం. డ్రమ్ములు తెగిన ఆనకట్టల్లా పొర్లినా, శాక్సోఫోన్ కేకలు పెట్టినా, మనం ఆ వెళ్ళిపోయినవాడి కోసమే ఎదురుచూస్తాం. పాడకుండానే ఎనిమిది నిమిషాలు పాటను ఏలిన గొంతు మరొకటి నాకు తెలియదు. ఆ రికార్డు అంగడికొచ్చేనాటికే బృందం చెదిరిపోయిందని తర్వాత చదివాను. ఆశ్చర్యం కలగలేదు.

అదే బృందంలో అతనికంటే ముందు, 1969లో, గ్రెగ్ లేక్ పాడాడు. అతని గొంతు ఇత్తడి పళ్ళెంలా పైపై మెరుపున్నది, నీకు దాయాదే గానీ నువ్వు కాదు. ఇద్దరూ ఇంగ్లండు దక్షిణ తీరాన పక్కపక్క ఊళ్ళలో పెరిగినవాళ్ళు, ఇద్దరూ బేస్ వాయిస్తూ పాడినవాళ్ళు; ఒకరు 2016 డిసెంబరులో, మరొకరు 2017 జనవరిలో, రెండు నెలలైనా తిరక్కముందే వెళ్ళిపోయారు. చెయ్యీ గొంతూ రెండూ కిందికే దిగిన మనుషులు. ఆ వరసలో మూడోవాడున్నాడు, వాడి దగ్గరికే వస్తున్నా.

*

పీటర్ స్టీల్! బ్రూక్లిన్ కన్న బిడ్డా! ఆరడుగుల ఎనిమిదంగుళాల అశోకవృక్షమా! నాలుగు మీటర్ల అల అన్నానే, అది దాదాపు నువ్వు రెండుసార్లు. బేస్ గిటార్‌కు అందరూ తోలు పట్టీ కడితే నువ్వు ఇనుప గొలుసు కట్టావు; నీ భుజాన అది నందికి పట్టెడలా వేలాడింది. నీ పేరు వెనక పోలిష్ పేరుంది, నీ కీర్తి వెనక న్యూయార్క్ నగర పార్కుల శాఖలో ఒళ్ళొంచి చేసిన కూలీ ఉంది. ‘అక్టోబర్ రస్ట్’ రికార్డులో ‘గ్రీన్ మ్యాన్’ పాట విన్నప్పుడల్లా నాకు గాయకుడు కనపడడు. పొద్దున్నే పచ్చని దుస్తుల్లో, మంచుకు తడిసిన ఆకుల కుప్పల మధ్య, తన పాటికి తాను ఏదో కూనిరాగం తీస్తున్న పెద్దపెద్ద చేతుల మనిషి కనపడతాడు. ఆకులు ఊడ్చే చీపురు శబ్దంలోంచి పుట్టిన శ్రుతి అది.

టైప్ ఓ నెగటివ్. రక్తం పేరు పెట్టుకున్న నీ బృందం. రెండే రంగులు కట్టుకున్నారు, నలుపూ పచ్చా; శ్మశానపు మన్నూ దాని మీది గడ్డీ. జాష్ సిల్వర్ వేళ్ళ కింద కీబోర్డు పాడుబడ్డ చర్చి ఆర్గన్‌లా ఊపిరి తీస్తుంది, కెన్నీ హిక్కీ గిటార్ తుప్పు రాల్చుతుంది, ఆ తుప్పులో, ఆ తడిలో, ఆ తమస్సులో నీ గొంతు మెత్తగా, మత్తుగా, ఏనుగు చెవి కదిలినంత నెమ్మదిగా కదులుతుంది. 1993లో ‘బ్లడీ కిసెస్’ వచ్చింది. నా బ్యాటరీలను అవమానించిన క్యాసెట్టు అదే. అందులో ‘సమ్మర్ బ్రీజ్’ ఉంది. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు సీల్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే జంట పాడుకున్న ఎండాకాలపు సాయంత్రపు పాట, మల్లెపందిరి కింద కూర్చున్నంత హాయైన పాట. నువ్వు దాన్ని చెయ్యిపట్టుకుని నేలమాళిగలోకి నడిపించావు. గాలి అదే, వాకిలి అదే, ఇల్లు చేరిన మనిషి అదే; కానీ ఇప్పుడా ఇంట్లో దీపం లేదు. దుఃఖమేమీ జోడించకుండా, నిదానాన్ని మాత్రమే జోడించి, సుఖంలో ఇంత చీకటి ఉందని చూపించావు. పాటను మార్చలేదు స్వామీ, దాని నీడను కొలిచావు.

నువ్వు పాడేటప్పుడు మాట చివర ఏం చేస్తావో నాకు తెలుసు. అందరూ మాట చివర ఊపిరి వదిలేస్తారు. నువ్వు ఊపిరిని కిందికి దింపి, అక్కడ కూర్చోబెట్టి, ఆ తర్వాత తలుపేస్తావు. గుడిగంట కొట్టాక మోత ఆగిపోయినా కంచులో ఇంకా ఏదో తిరుగుతూ ఉంటుందే, పిల్లలు చెవి ఆనించి వినేది, అది నీ వాక్యాంతం. హల్లులన్నీ నీ నోట్లో నానిపోతాయి. అచ్చులు అడవి తేనెలా తీగ సాగుతాయి. ప్రేమ మాట పలికితే అది ఒట్టులా ఉంటుంది, ఒట్టు పలికితే శాపంలా ఉంటుంది, శాపం పలికితే, ఏం చెప్పను, జోలపాటలా ఉంటుంది.

ఇక నిన్ను తిట్టుకోవాలి. మా భక్తి సంప్రదాయంలో నిందాస్తుతికి చోటుంది కాబట్టి దేవుణ్ణి నిలదీసే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చింది. అంత గొంతు పెట్టుకుని అంత వెకిలి ఎందుకయ్యా? ‘అక్టోబర్ రస్ట్’ తెరవగానే పాట లేదు, స్పీకరు తీగ ఊడిపోయినట్టు అర నిమిషం పైన గుయ్యిమనే రొద! ‘వరల్డ్ కమింగ్ డౌన్’ తెరవగానే గీత పడ్డ సీడీ తట్టుకుంటున్న చప్పుడు! విన్నవాడు లేచి యంత్రాన్ని తట్టి, ఊది, తిట్టుకోవాలి; ఆ తర్వాత నీ నవ్వు. నేను బ్యాటరీలు కొరికిన రాత్రి నువ్వు కావాలని చేసింది కాకపోయినా, తెలిసుంటే ఎంత మురిసిపోయేవాడివో! కొన్ని పాటల్లో నీ కోపం మొరటుది, నీ హాస్యం మురికిది, కొన్ని మాటలకు నేను చెవులు మూసుకుంటాను. నిన్ను మచ్చలేని చంద్రుడని చెప్పను. మచ్చే నీ ముఖంలో సగం.

కానీ 1999లో అదే ‘వరల్డ్ కమింగ్ డౌన్’లో పరాచికం ముగిసిన క్షణం నుంచి నువ్వు ఇంటి మనుషుల చావుల మధ్య నిలబడి పాడావు. పాటకూ పాటకూ మధ్య చిన్న చిన్న ముక్కలు పెట్టి వాటికి శరీర భాగాల పేర్లు పెట్టావు. సైనస్, లివర్, లంగ్. ఒక్కో అవయవం ఒక్కో విధంగా మనిషిని మోసం చేసే చప్పుళ్ళు. వాటిని దాటుకుని పాట మొదలైనప్పుడు నీ గొంతు పాడె మోసేవాడి గొంతు. భుజం మార్చుకోని మోత. ఆ రికార్డు నేను పగలు వినను, ఒంటరిగా వినను, తరచుగా వినను. 2010 ఏప్రిల్ 14న నువ్వు వెళ్ళిపోయావు, నలభై ఎనిమిదేళ్ళకే. ఆ వార్త చదివిన రోజు నేను పాట పెట్టలేదు. బేస్ లేని ఇల్లు ఎలా ఉంటుందో విన్నాను. ఫ్రిజ్ మోత, ఫ్యాను మోత, దూరంగా ఎక్కడో బోరుబావి మోటారు మోత. అన్నీ నీ శ్రుతిలోనే ఉన్నాయి.

*

స్టాక్‌హోమ్ నుంచి కూడా దిగివచ్చావు నువ్వు మంద్రమా, రెండు ముఖాలతో. మైకేల్ ఓకర్‌ఫెల్ట్, ఓపెత్ బృందపు గొంతు. అతనిలో నువ్వు ముందు గర్జిస్తావు. మామూలు స్వరపు మడతల పైన ఇంకో జత మడతలుంటాయి మనిషి కంఠంలో. మాటకు పనికిరావని ప్రకృతి పక్కన పెట్టినవి. వాటినీ నిద్రలేపి అదిరిస్తే పుట్టేది గ్రౌల్. రాళ్ళు దొర్లిన చప్పుడు, గుహ ఆవులించిన చప్పుడు, స్తంభం చీలబోయే ముందు చప్పుడు. ఆ ఉగ్రం మీద ఉగ్రం పేరుకుని, ఇక వినేవాడి ఒళ్ళు తట్టుకోలేదనిపించిన చోట, గిటార్ మెత్తబడి, డ్రమ్ములు తల దించుకుని, అదే గొంతు, అదే మనిషి, వేసవి మధ్యాహ్నం చల్లని గచ్చులా పరుచుకుంటుంది. 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’ వినండి. గర్జన తర్వాత వచ్చే ఆ మృదుత్వం గర్జన లేకపోతే ఇంత మృదువుగా ఉండదు.

సింహాచలం మెట్లు ఎక్కినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. వరాహ నరసింహుడి వేడిని చందనం పూతల కింద ఏడాది పొడవునా దాచి, వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే నిజరూపం చూపిస్తారు. ఓపెత్ 2011లో ‘హెరిటేజ్’తో తన సింహానికి చందనం పూసింది. ఆ తర్వాత రికార్డు మీద రికార్డు వచ్చింది, అన్నిటా చల్లని గళమే, గర్జన లేదు. భక్తులు గొణిగారు, అలిగారు, నేనూ కొంత అలిగాను. గర్జన ఉన్న 2008 నాటి ‘వాటర్‌షెడ్’ తర్వాత పదహారేళ్ళకు, 2024లో, ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో చందనం ఒలిచారు. మొదటి గర్జన విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు, పిచ్చి సంతోషపు నవ్వు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పదహారేళ్ళూ పూత కింద వేడి తగ్గలేదు. అంతకు ముందే, 2003 నాటి ‘డామ్నేషన్’లోనూ ఒక్క గర్జనా లేదు, అయినా అందులోని ప్రతి మెత్తని మాట వెనకా కూర్చుని, పాదాలు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, మేలుకునే ఉంది సింహం.

పోర్చుగల్‌లో నీ పేరు ఫెర్నాండో రిబెయ్‌రో. మూన్‌స్పెల్ బృందం. తత్త్వశాస్త్రం చదివినవాడు, కవిత్వం అచ్చువేసినవాడు. 1996 నాటి ‘ఇర్‌రెలిజియస్’లో అతని గొంతు ద్రాక్షసారా పీపాలో పడుకుని మాట్లాడినట్టు ఉంటుంది, ఎర్రగా, వగరుగా. కానీ నేను అతనికి మోకరిల్లింది 2017లో, ‘1755’ దగ్గర. 1755 నవంబరు 1, సకల పునీతుల పండుగ పొద్దున, లిస్బన్ చర్చిలన్నీ జనంతో కిటకిటలాడుతున్న వేళ భూమి కంపించింది. పడ్డ కొవ్వొత్తులు నిప్పంటించాయి, వెనక్కి తగ్గిన నది కొండై తిరిగొచ్చింది. ఆ కథను వాళ్ళు ఇంగ్లిషులో కాదు, తమ భాషలోనే పాడుకున్నారు. నాకు పోర్చుగీసు ఒక్క ముక్క రాదు. రానక్కర్లేదు. అడుగునుంచి పుట్టి, కాలి కిందికొచ్చి, మోకాళ్ళు వదులు చేసి పైకెగబాకే ఆ ధ్వనికి అనువాదం ఎందుకు? భూకంపానికి సాక్ష్యం చెప్పగల గొంతు భూమి గొంతే. కీచుగొంతు పాడితే అది వార్త అయ్యేది.

వారెల్ డేన్ ఉన్నాడు, సియాటిల్ మనిషి. మొదట సాంక్చువరీ బృందంలో మబ్బుల్లోకి కేక విసిరినవాడు. వయసు మీదపడే కొద్దీ, నెవర్‌మోర్ రోజుల్లో, మెట్టు మెట్టుగా నీ దగ్గరికి దిగివచ్చాడు. ఆ దిగడమంటే నాకు ప్రాణం. యౌవనంలో ఎక్కినవాడు నడివయసులో దిగితే ప్రతి మెట్టూ తెలిసిన మెట్టే కదా, అందుకే ఆ గొంతులో తొట్రుపాటు లేదు, అలుపుంది. 2017 డిసెంబరులో బ్రెజిల్‌లో, సావో పాలోలో, గుండె ఆగి పోయాడు. ఇలా చెప్పుకుంటూ పోతే నీ భక్తమాలలో పోయినవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. ఇంత దిగినవాళ్ళకు నేల దగ్గరేమో.

నకిలీలూ ఉన్నారు. గడ్డం మెడకు ఆనించి, గొంతు కావాలని బరువు చేసి, పాతాళభైరవి సెట్టులో మాంత్రికుడిలా మాట్లాడేవాళ్ళు. లోతంటే దిగడం అనుకోరు, లోతంటే బెదిరించడం అనుకుంటారు. వాళ్ళ పేర్లెందుకు? గాబు మీద మూత పెట్టి కొడితే కూడా మోత వస్తుంది. చేద వేస్తే నీళ్ళు రావాలి.

*

ఇప్పుడు రాత్రి రెండు దాటింది మంద్రమా. ఇంట్లోవాళ్ళు నిద్రపోతున్నారు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, స్పీకర్లోనే పెట్టుకున్నాను, గొంతు తగ్గించి, నువ్వు గుసగుసలాడేంత సన్నగా. ఘంటసాల గీతాశ్లోకాలు మొదలవగానే మా నాన్న కళ్ళు మూసుకునేవారు, అర్థం కోసం కాదని ఆయనే అనేవారు. నేనూ కళ్ళు మూసుకుంటాను. ఆయన వింటే ఈ గిటార్ల రణగొణను క్షమించేవారు కాదు. ఈ గొంతును మాత్రం, నాకు నమ్మకముంది, ఎవరబ్బాయి ఇతను అని అడిగేవారు.

మాటలు కరిగిపోయాయి. గిటార్లు గోడల్లోకి ఇంకిపోయాయి. బల్ల మీద చెంబులో నీళ్ళున్నాయి. స్పీకరు పక్కనే పెట్టినట్టున్నాను. నీళ్ళ నడుమ సన్నని వలయం ఒకటి పుట్టి, అంచు దాకా వెళ్ళి, అంచును ముట్టుకుని, మళ్ళీ లోపలికి తిరిగొస్తోంది.

దిగు మంద్రమా. ఇంకో మెట్టుంది.